మొదటి స్పారింగ్ అయ్యాక కొత్తవాళ్లు మళ్లీ కనిపించడం లేదు. జిమ్‌లో ఏం మార్చాలి?

హనుమకొండ_రింగ్

అందరికీ నమస్తే. మాది చిన్న బాక్సింగ్ జిమ్. 16 అడుగుల రింగు ఒకటి, బ్యాగులు నాలుగు, రింగు పక్కన మ్యాట్ పరిచిన జాగా కొంత. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఒకటే బ్యాచ్, 24 మంది. కోచ్ సార్ ఒక్కరే. నేనూ ఇంకొకరూ చేదోడుగా ఉంటాం. పోటీలకు వెళ్లే సీనియర్లు ఆరుగురు, మిగతావాళ్లు కాలేజీ పిల్లలు, ఉద్యోగస్తులు. అమ్మాయిలు ముగ్గురు.

మొదటి నెల అందరూ టంచనుగా వస్తారు. స్కిప్పింగ్, షాడో (గాల్లోకి పంచ్‌లు వేయడం), బ్యాగు, ప్యాడ్స్ (ఒకరు చేతులకు తొడిగి పట్టే మెత్తలను రెండోవాళ్లు కొట్టడం) అన్నీ ఇష్టంగా చేస్తారు. ఆరో వారం శనివారం స్పారింగ్‌లో, అంటే ఇద్దరిని ఎదురెదురుగా పెట్టి చేయించే అభ్యాస పోరులో దింపుతాం. ఆ తర్వాతి సోమవారానికి సగం మంది మాయం. ఫోన్ చేస్తే "ఆఫీసులో పని పెరిగిందన్నా", "పరీక్షలున్నాయి" అంటారు. భయపడ్డామని ఎవరూ చెప్పరు. మిగిలినవాళ్లు కూడా సీనియర్లతో కలవరు. ఆ ఆరుగురూ ఒక మూల, కొత్తవాళ్లు ఇంకో మూల.

నా ప్రశ్నలు: స్పారింగ్ ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి? ఎవరిని ఎవరితో జత కట్టాలి? సీనియర్ల చేత ఏం చేయించాలి?

---

సౌత్‌పా_వైజాగ్

బ్రదర్, అయిదు వారాలు బ్యాగు ముందు నిలబెట్టి ఆరో వారం ఒక్కసారిగా మనిషి ముందుకు తోస్తున్నారు. తెగుతున్నది అక్కడే. బ్యాగు తిరిగి కొట్టదు, ముందుకు రాదు, కళ్లలోకి చూడదు. మొదటిరోజు నుంచే ఎదురుగా మనిషి ఉండాలి. దెబ్బ మాత్రం కొంచెం కొంచెంగా రావాలి.

1, 2 వారాలు: నిలబడే తీరు, అడుగు, జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్). దానితోపాటు రోజూ పది నిమిషాలు తాకే ఆట. ఇద్దరూ గార్డు పెట్టుకుని (చేతులు చెంపల దగ్గర ఉంచి), గ్లవ్స్ లేకుండా, ఎదుటివాళ్ల భుజాన్ని అరచేత్తో తాకాలి. ఒక్కో నిమిషం, ఆరు రౌండ్లు, ప్రతి రౌండుకూ జత మారాలి. దెబ్బే లేదు కాబట్టి ఎవరూ బిగుసుకుపోరు. ఎంత దూరంలో నిలబడితే చెయ్యి అందుతుందో ఒంటికి తెలుస్తుంది. వారం తిరిగేసరికి బ్యాచ్‌లో ప్రతివాళ్లూ ప్రతివాళ్లకీ ఎదురు నిలబడి ఉంటారు, పేర్లు కూడా అలాగే వచ్చేస్తాయి.

3, 4 వారాలు: జాబ్ వేయడం, పట్టడం. ఒకరు జాబ్ వేస్తారు, రెండోవాళ్లు వెనక చేతి అరచేతితో పడతారు, అంతే. రెండు నిమిషాల రౌండ్లు నాలుగు, రెండు రౌండ్లయ్యాక పాత్రలు మారాలి. ఇక్కడ రెండు తప్పులు తప్పకుండా వస్తాయి. మొదటిది, కొట్టేవాళ్లు మొహమాటపడి జాబ్‌ను ఓ జానెడు ముందే ఆపేస్తారు. అది మర్యాద అనుకుంటారు గానీ, దానివల్ల ఎదుటివాళ్లకు దూరం తప్పుగా అలవాటవుతుంది. నిజమైన జాబ్ వచ్చిన రోజు నేరుగా ముక్కు మీద తింటారు. వేగం తగ్గించమనండి, దూరం తగ్గించనివ్వొద్దు. రెండోది, పట్టేవాళ్లు దెబ్బకు ఎదురెళ్లి చెయ్యి ముందుకు చాపుతారు. అలా చాపిన చేతి పక్కనుంచే రేపు హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే పంచ్) వస్తుంది. చెంప నుంచి పిడికెడు దూరంలో పట్టాలి, పట్టగానే చెయ్యి మళ్లీ చెంపకు రావాలి.

5, 6 వారాలు: ఒంటికి మాత్రమే. భుజం నుంచి బెల్టు దాకా, తల పూర్తిగా నిషిద్ధం. ఊపిరి బిగపట్టడం మానేది ఈ రెండు వారాల్లోనే. కొత్తవాళ్లు రౌండు సగంలో అలసిపోవడానికి స్టామినా లేకపోవడం కన్నా ఊపిరి బిగపట్టడమే ఎక్కువ కారణం. ప్రతి పంచ్‌కూ ముక్కులోంచి "స్స్" అని వదలమనండి. ఆ చప్పుడు వినిపించడం లేదంటే రౌండు ఆపేయండి.

7, 8 వారాలు: ఒకరు జాబ్, క్రాస్ (వెనక చేత్తో నేరుగా వేసే పంచ్) మాత్రమే వేస్తారు. రెండోవాళ్లు కొట్టకుండా కాచుకోవడం, తప్పుకోవడం మాత్రమే చేస్తారు. తొమ్మిదో వారం నుంచి మామూలు స్పారింగ్, రెండు నిమిషాల రౌండ్లు రెండు, అదీ చేతి మీద అదుపున్న సీనియర్‌తో. ఇద్దరు కొత్తవాళ్లను మొదటిసారి ఒకరి మీదికి ఒకరిని వదలడం అన్నిటికన్నా చెడ్డ జత. ఇద్దరికీ భయమే, ఇద్దరికీ అదుపు లేదు. బరువులో అయిదారు కిలోలు దాటి తేడా ఉండకూడదు, సీనియర్ తేలికగా ఉంటే మాత్రం పరవాలేదు.

ఇక "30 శాతం బలంతో కొట్టండి" అని చెప్పకండి. అది పనిచేయదు. మనం వేసిన దెబ్బ మనకు అసలుకన్నా తక్కువగా తెలుస్తుంది, తగిలినవాళ్లకు పూర్తిగా తెలుస్తుంది. సమానంగా తిరిగి ఇచ్చాననుకుంటూనే ఇద్దరూ ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోతారు, మూడో నిమిషానికి అది గొడవ అవుతుంది. శాతాలకు బదులు కంటికి, చెవికి దొరికే గుర్తులు ఇవ్వండి. దెబ్బ తగిలాక ఎదుటివాళ్ల గడ్డం కదలకూడదు. గ్లవ్ తగిలిన చప్పుడు "టప్" అనాలి, "ధబ్" అనకూడదు. రింగు పక్కన నిలబడ్డవాళ్లకు కూడా ఈ తేడా స్పష్టంగా వినిపిస్తుంది.

ఒక మాట కూడా పెట్టుకోండి: "తగ్గించు". ఎవరు అన్నా, ఎప్పుడు అన్నా ఎదుటివాళ్లు ఆ క్షణమే తగ్గించాలి. ఎందుకని అడగడాలు, సారీలు ఉండవు, రౌండు ఆగదు. ఈ మాటను మొదట సీనియర్ల నోటి నుంచే కొత్తవాళ్లు వినాలి. రాష్ట్ర స్థాయిలో ఆడేవాళ్లు "తగ్గించు తమ్ముడూ" అన్నది విన్న పిల్లాడికి, తనూ ఆ మాట అనొచ్చని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

---

ఇందూరు_కార్నర్

పైన అన్న చెప్పిన క్రమం సరైనదే. నేను ఆ రెండు మూలల సంగతి రాస్తా.

సీనియర్లకు "కొత్తోళ్లను కొంచెం చూడుండ్రి" అని చెప్తే ఏ పనీ కాదు. పేరు పెట్టి అప్పజెప్పాలి. ఒక్కో సీనియర్‌కు ఇద్దరు కొత్తవాళ్లు, నాలుగు వారాలు. పని కూడా చిన్నది, తేల్చి చెప్పినది అయ్యుండాలి. మా దగ్గర దాన్ని ర్యాప్స్‌తోనే, అంటే గ్లవ్స్ లోపల చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీలతోనే మొదలుపెడతాం.

నాలుగున్నర మీటర్ల ర్యాప్ తీసుకోవాలి. పొట్టి ర్యాప్స్ చిన్న చేతులకు తప్ప చాలవు. లూప్ బొటనవేలికి వేసి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, పిడికిలి కణుపుల మీద మూడు చుట్లు, తర్వాత వేళ్ల సందుల్లోంచి ఒక్కోటి, బొటనవేలు చుట్టూ ఒకటి, మిగిలిందంతా మళ్లీ మణికట్టుకే. చుట్టేటప్పుడు వేళ్లు బారుగా చాపి ఉంచాలి. పిడికిలి ముడిచి చుట్టించుకుంటే వదులుగా ఉండి మొదటి రౌండుకే జారిపోతుంది. ర్యాప్‌ను మరీ బిగదీసి చుడితే పిడికిలి పట్టగానే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చుట్టడం అయినంక ఒకసారి పిడికిలి బిగించి వదలమనాలి. గోళ్లు తెల్లబడి రంగు మళ్లీ రాకపోతే విప్పి మళ్లీ చుట్టాలి.

రెండు చేతులకు ఓ అయిదు నిమిషాలు పడుతుంది. ఒకరి చేయి ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు మనిషి తప్పకుండా ఏదో ఒకటి మాట్లాడుతడు. మోకాలు నొప్పి ఉందని, మొన్న దెబ్బకు దవడ పట్టేసిందని, ఇంట్లో ఒప్పుకోవడం లేదని అన్నీ అప్పుడే బయటపడతయి. కోచ్ ముందు నిలబడి ఎవరూ చెప్పని మాటలు ఇవి. రెండు వారాలకు కొత్తవాళ్లు సొంతంగా చుట్టుకోవడం నేర్చుకుంటరు. నేర్చుకున్నా, నాలుగు వారాలూ సీనియర్ పక్కన కూర్చునే చుట్టుకోవాలె.

రెండోది ఫోన్. వరుసగా రెండు రోజులు రాకపోతే ఆ సీనియరే ఫోన్ చేయాలె, మీరు కాదు. ఎందుకు రాలేదని అడగొద్దు, అడిగితే సాకే వస్తది. "ఇవ్వాళ జాబ్ పట్టుడు చేసినం, రేపు నీతో నేను చేస్తా, ఆరింటికల్లా రా" అనాలె. ఎదురుచూస్తున్న మనిషి ఒకరున్నరని తెలిస్తే కాలు కదులుతుంది.

మూడోది చీపురు. క్లాసు అయినంక మ్యాట్ ఊడ్చి తుడిచే పని వంతులవారీగా పెట్టండి. మెడల్ ఉన్నోళ్ల పేరు కూడా ఆ కాగితంలో ఉండాలె. కొత్తవాళ్ల చేతనే చేయిస్తే అది సేవ చేయించుకోవడం అవుతుంది.

అమ్మాయిల విషయం. నిఖత్ జరీన్ మా నిజామాబాద్‌లోనే మొదలుపెట్టింది, షంషముద్దీన్ సార్ దగ్గర. 2011లో జూనియర్ ప్రపంచ స్వర్ణం, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. ఆమె మొదలుపెట్టిన రోజుల్లో స్పారింగ్ అంటే మగపిల్లలతోనే. అంటే కలిపి నేర్పడం మన దగ్గర కొత్తేమీ కాదు. చేయాల్సింది మాత్రం ఉంది. లోపల గొళ్లెం పడే గది ఒకటి బట్టలు మార్చుకోవడానికి కావాలె. ఒంటికి స్పారింగ్ మొదలయ్యే ముందే చెస్ట్ గార్డ్ ఉండాలె. ఎవరితో చేస్తారో వాళ్లనే అడగాలె, కాదన్న జత మళ్లీ అడగొద్దు. ఇంకోటి, "అమ్మాయి కదా" అని ఒక్క పంచ్ కూడా వేయకుండా రౌండంతా తిరిగే అబ్బాయి ఉంటడు. గట్టిగా కొట్టేవాడెంత పనికిరాడో వీడూ అంతే. ఆమె ఫీజు కట్టింది కాచుకోవడం నేర్చుకోవడానికి. జాబ్ గ్లవ్ దాకా రావాల్సిందే.

---

పాత_బెల్

ఒక విషయంలో నాది వేరే అభిప్రాయం. పైన చెప్పిన తేలిక స్పారింగ్ మాత్రమే చేసి పిల్లల్ని జిల్లా పోటీలో దింపితే అది వాళ్లకు అన్యాయం. పోటీలో మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక నిమిషం. ఎదుటివాడు "టప్" అని కొట్టడు. ఆ ఒత్తిడి ముందే ఒంటికి తెలిసి ఉండాలి.

అందుకే రెండూ వేరు చేయండి. శనివారం అందరిదీ తేలికది. గట్టి స్పారింగ్ పోటీకి పేరు ఇచ్చినవాళ్లకు మాత్రమే, ఇంకో రోజు, కోచ్ గారు రింగు పక్కన ఉన్నప్పుడే, వారానికి ఒకటికి మించకుండా. 16 ఔన్సుల గ్లవ్స్, హెడ్‌గార్డ్, పంటికి సరిగ్గా కూర్చున్న మౌత్‌గార్డ్. పోటీకి వారం, పది రోజుల ముందు పూర్తిగా ఆపేయాలి. చాలా జిమ్ములు ఆ చివరి వారంలోనే పిల్లాడి ధైర్యం పరీక్షిస్తామని గట్టి రౌండ్లు పెడతాయి. కన్ను చిట్లడం, ముక్కు వాయడం అప్పుడే జరుగుతాయి.

మీ 24 మందిలో పోటీకి వెళ్లేవాళ్లు ఆరుగురే అంటున్నారు. మిగతా పద్దెనిమిది మందికి గట్టి స్పారింగ్ ఎప్పటికీ అవసరం లేదు, ఆ మాట చేరిన రోజే చెప్పండి. స్పారింగ్ అసలు వద్దనుకునేవాళ్లకు జాబ్ పట్టే డ్రిల్, ప్యాడ్స్ చాలు. వాళ్లూ జిమ్ మనుషులే. శనివారం వాళ్లకు గంట కొట్టే పని, ప్యాడ్స్ పట్టే పని ఇవ్వండి. ప్యాడ్స్ బాగా పట్టేవాళ్లు ఒక్కరు తయారైతే కోచ్ గారి భారం సగం తగ్గుతుంది.

---

ఫిజియో_గుంటూరు

స్పారింగ్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి తల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

హెడ్‌గార్డ్ ఉంటే తలకు ఏమీ కాదన్నది అపోహ. చర్మం చిట్లకుండా, చెవి దెబ్బతినకుండా అది కాపాడుతుంది. లోపల మెదడు కుదుపును మాత్రం ఆపలేదు. 2013లో పురుషుల ఎలైట్ బాక్సింగ్‌లో హెడ్‌గార్డ్ తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్ అలాగే జరిగాయి. జిమ్‌లో మాత్రం వాడండి, తలలు గుద్దుకుంటాయి కాబట్టి. అది పెట్టుకున్నాం కదా అని బలం పెంచితే ఉన్న లాభం కూడా పోతుంది.

దెబ్బ తర్వాత తూలడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబివ్వడం, ఏ రౌండో చెప్పలేకపోవడం, తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆరోజుకు రింగు ముగిసినట్టే. "బానే ఉన్నాను సార్" అన్నా సరే. స్పృహ తప్పాల్సిన పనిలేదు, చాలామందికి స్పృహ పోదు. నొప్పి మాత్ర వేసి మళ్లీ దింపడం నేరం. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, ఫిట్స్ వచ్చినా, చెయ్యో కాలో బలహీనపడినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మగత కమ్ముతున్నా నేరుగా ఆసుపత్రికే. ఆ రాత్రి ఒంటరిగా రూములో వదలకండి, బైకు ఇవ్వకండి.

మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి. అంటే చీకటి గదిలో పడుకోవడం కాదు, ఇంట్లో తిరగడం, కాస్త నడక పరవాలేదు, ఫోన్ చూడటం తగ్గించాలి. తర్వాత మెట్లు: నడక లేదా సైకిల్, ఆ తర్వాత షాడో, ఫుట్‌వర్క్, ఆ తర్వాత బ్యాగు, ప్యాడ్స్. ఒక్కో మెట్టుకూ కనీసం ఒక రోజు. బాధ పెరిగితే ఒక మెట్టు వెనక్కి. స్పారింగ్ మాత్రం డాక్టరు చూసి సరే అన్నాకే. తల దెబ్బతో నాకౌట్ అయితే అమెచ్యూర్ నిబంధనల్లో కనీసం 30 రోజులు పోటీ నిషేధం. వెంటవెంటనే రెండోసారి అయితే ఇంకా ఎక్కువ. జిమ్ స్పారింగ్‌కూ ఇదే లెక్క పెట్టుకోండి, తేదీ వేసి పుస్తకంలో రాయండి.

కుర్రాళ్లు తలనొప్పి దాచడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. జిమ్‌కు రాకపోతే జట్టులోంచి జారిపోతామని భయం. కాబట్టి విశ్రాంతిలో ఉన్నవాళ్లను ఇంట్లో కూర్చోమనకండి. బాగా అనిపించాక జిమ్‌కు రమ్మనండి. స్టాప్‌వాచ్ చేతికివ్వండి, రౌండు మధ్యలో నీళ్లందించమనండి. గాయంతో ఆగడం పిరికితనం కాదని చెప్పడానికి మనవాడి ఉదాహరణే ఉంది. 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ మోకాలి గాయంతో సెమీఫైనల్‌కు దిగలేదు, కాంస్యంతో ఆగాడు. ప్రపంచ సెమీఫైనల్ వదిలేసినప్పుడు శనివారం స్పారింగ్ వదిలేయడానికేం?

ఇంకోటి తామర. అందరూ ఒకరి చెమట ఒకరికి అంటించుకునే చోట ఒక్కరికి వస్తే నెలలో పదిమందికి పాకుతుంది. ఎర్రగా గుండ్రంగా, అంచు ఉబ్బి దురద పెడుతుంటే అదే. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో దురద తగ్గుతుంది, లోపల ఫంగస్ ఇంకా విస్తరిస్తుంది. తర్వాత మామూలు మందుకు లొంగదు. చర్మ డాక్టరు దగ్గరికే పంపండి. ఆయన సరే అనేదాకా జతతో పని వద్దు, స్కిప్పింగ్, షాడో చేసుకోవచ్చు. ఈ మాట పదిమందిలో అనకండి, సిగ్గుతోనే మనిషి మానేస్తాడు.

---

హనుమకొండ_రింగ్

అందరికీ చాలా థాంక్స్. ఇదంతా కోచ్ సార్‌కు చదివి వినిపించాను. తాకే ఆట, ర్యాప్స్ సోమవారం నుంచే మొదలు. ఇంకో రెండు అడుగుతాను. ఒకటి, సీనియర్లలో ఒకతను ఎంత చెప్పినా గట్టిగానే కొడతాడు. మంచివాడే, మాకున్న వాళ్లలో బాగా ఆడేవాడు కూడా. అతన్ని ఎలా దారికి తేవాలి? రెండు, జిమ్ గ్లవ్స్ అందరూ మార్చి మార్చి వాడతారు, కంపు భరించలేం. ఎన్ని జతలు కొనాలి?

---

సౌత్‌పా_వైజాగ్

అతనికి పని మార్చండి. కొత్తవాళ్లతో దిగినప్పుడు అతను ఎడమచేయి మాత్రమే వాడాలి. లేదా రెండు రౌండ్లు అస్సలు కొట్టకుండా కాచుకోవాలి, ఒక మూల నుంచి కదలకుండా. బాగా ఆడేవాడికి అది నిజంగా కష్టమైన పని, పోటీలో అతనికే పనికొస్తుంది. శిక్షలా కాకుండా డ్రిల్‌లా చెప్పండి, అదీ పక్కకు పిలిచి. అందరి ముందు అంటే ఆ కోపం తర్వాతి రౌండులో ఎవరి ముక్కు మీదో తేలుతుంది. రెండుసార్లు చెప్పాక కూడా అదే తీరైతే నెల రోజులు జూనియర్లతో స్పారింగ్ బంద్, వాళ్లకు ప్యాడ్స్ పట్టడం మాత్రమే. ఎంత బాగా ఆడేవాడైనా ఇందులో మినహాయింపు వద్దు, ఆ ఒక్క మినహాయింపునే పద్దెనిమిది మందీ చూస్తుంటారు.

---

ఇందూరు_కార్నర్

గ్లవ్స్ సంగతి. ఒకేసారి ఎంతమంది స్పారింగ్ చేస్తరో అన్ని జతలు చాలు. రింగులో ఒక జంట, మ్యాట్ మీద రెండు జంటలు అనుకుంటే ఆరు జతల 16 ఔన్సులవి. 50 కిలోల లోపు వాళ్లకు రెండు జతలు 14 ఔన్సులవి. స్పారింగ్ గ్లవ్స్‌తో బ్యాగు కొట్టనివ్వొద్దు. బ్యాగు మీద కణుపుల దగ్గర నురుగు అణిగిపోతది, తర్వాత ఆ గ్లవ్ మనిషికి తగిలితే రాయిలాగ ఉంటది. బొటనవేలితో కణుపుల మీద నొక్కి చూడండి, లోపల ఎముక తెలిస్తే ఆ జత ఇంక బ్యాగుకే.

ర్యాప్స్, మౌత్‌గార్డ్ ఎవరివి వాళ్లే కొనుక్కోవాలె, ఇది ఫీజు చెప్పేటప్పుడే చెప్పండి. రోజూ ఉతికిన ర్యాప్ వేసుకుని గ్లవ్‌లో చెయ్యి పెడితే సగం కంపు రాదు. క్లాసు అయినంక గ్లవ్స్ లోపల పొడిగుడ్డతో తుడిచి, పాత పేపరు ఉండ చుట్టి కుక్కి, వెల్క్రో పూర్తిగా తెరిచి ఫ్యాను కింద పెట్టాలె. అరగంటకు పేపరు తీసేయండి, తడి అదే పీల్చుకుంటది. ఎండలో పెడితే తోలు పగులుతుంది. బ్యాగులో జిప్పు వేసి ఇంటికి తీసుకెళ్లేవాళ్ల గ్లవ్సే ముందుగా పాడైతయి.

రక్తం పడితే మామూలుగా తుడిస్తే చాలదు. రబ్బరు తొడుగు వేసుకుని ముందు గుడ్డతో తీసేసి, 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఆ చోట పోసి పది నిమిషాలు ఉంచాలె, తర్వాత మంచినీళ్లతో తుడవాలె. బ్లీచ్‌లో యాసిడ్, ఇంకే క్లీనరూ కలపొద్దు, విషవాయువు వస్తది. కలిపిన నీళ్లు ఏరోజుకారోజే వాడి పారబోయండి.

---

పాత_బెల్

మ్యాట్ మీద జంటలకు రంగు టేపుతో గడులు గీయండి, గీత దాటగానే ఇద్దరూ ఆగి మధ్యలోకి రావాలి. గడికీ గడికీ మధ్య మూడడుగులు, గోడ వైపు కనీసం నాలుగడుగులు వదలండి. కొత్తవాళ్లు దెబ్బ వస్తే పక్కకు కాకుండా నేరుగా వెనక్కే నడుస్తారు. గోడ వైపు ఆ నాలుగడుగులు లేకపోతే తల వెనక భాగం గోడకే తగులుతుంది. జాగా చాలకపోతే జంటలు తగ్గించండి గానీ ఆ నాలుగడుగులు తగ్గించకండి.